నవాబు ముక్కు, జలాలు దగ్గు

ఆ సోమవారం పొద్దున జలాలుద్దీన్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. నవాబును జట్కాకి కట్టాలి. పరుగు పెట్టించకుండా, పెళ్ళికూతురిని పీటల మీదికి తీసుకెళ్ళినంత నెమ్మదిగా పశువుల ఆస్పత్రి దాకా నడిపించాలి. అందరికంటే ముందు వరసలో నిలబడాలి. డాక్టరుగారు గుర్రాన్ని చూసి, శానిటరీ ఇన్‌స్పెక్టరుగారు పుస్తకంలో రాసి, నలభై ఏడో నెంబరు ఇత్తడి బిళ్ళ మరో ఏడాదికి బండికి బిగించగానే అదే నడకన ఇల్లు చేరాలి. ఈ మధ్యలో నవాబు ముక్కు సంగతి ఎవరికీ తెలియకూడదు. అంతే.

చిక్కంతా ఆ ముక్కుతోనే వచ్చింది. నవాబుకి ఇంకా మూడేళ్ళు నిండలేదు. ఎర్రటి ఒళ్ళు, నుదుట తెల్లచుక్క. నిలబడి ఉన్నంతసేపూ అంత బుద్ధిమంతుడు బందరు మొత్తం మీద ఇంకొకడు లేడు. నాలుగడుగులు పరిగెత్తించారా, ఊపిరి పీల్చినప్పుడల్లా రంపంతో తాటిదుంగ కోస్తున్నట్టు ఒకటే రొద. దానికి తోడు ఎడమ ముక్కులోంచి సన్నగా కారుతుండే నీరు. నెల రోజులుగా ఇదే వరస. కోనేరు సెంటర్లో తోటి జట్కావాడు పోతయ్య అయితే రోజూ అడిగేవాడు, "ఏం బావా, నీ గుర్రం నిద్రపోతా పరిగెడుతుందా ఏంటి?" అని.

నవ్వేవాళ్ళకి నవ్వులాటే కానీ జలాలుకి అది ప్రాణసంకటం. ఉప్పెనలో అతని పాత గుర్రం పోయింది. ఆ తర్వాత ఏడాది పాటు అద్దె రిక్షా తొక్కాడు. నలభై ఏడో నెంబరు వాళ్ళ నాన్న కాలం నాటిదని మునిసిపాలిటీవాళ్ళు దయతలచి అట్టే పెట్టారు. భార్య సలీమా చెవుల కమ్మలు తీసి ఇస్తే, దివిసీమలో కోడూరు అవతల ఒక రైతు దగ్గర నవాబును కొన్నాడు. అప్పటినుంచి సలీమా చెవులకు వేపపుల్లలే. ఇప్పుడు లైసెన్సు పోతే నెంబరు చెయ్యి జారిపోతుంది. దానికోసం పోతయ్య తోడల్లుడు ఆరు నెలలుగా నోరు తెరుచుకుని కూర్చున్నాడు. మళ్ళీ రిక్షా తొక్కడం జలాలు వల్ల కాదు. కాళ్ళు ఒప్పుకున్నా మనసు ఒప్పుకోదు.

అందుకని ఆదివారం సాయంత్రం నుంచే నవాబుకి నీళ్ళు బంద్ చేశాడు. నీళ్ళు తాగిన గుర్రానికి ముక్కు కారుతుందని వాళ్ళ నాన్న చెప్పేవాడు.

"నోరులేని జీవమండీ! మీరుండగలరా చూద్దాం, నీళ్ళు తాగకుండా?" అని పొద్దున్నే సలీమా కసిరింది.

"నేనూ తాగలేదే!" అన్నాడు జలాలు. నిజమే. ముందురోజు సాయంత్రం నుంచి అతనూ గుక్కెడు ముట్టలేదు. గుర్రాన్ని ఎండగట్టి తాను తాగడం అతనికి న్యాయమనిపించలేదు. సలీమా బాల్టీ తెచ్చి బండి కింద కొక్కేనికి తగిలించింది.

పథకం రైలు స్టేషన్ దాకా చక్కగా నడిచింది. అక్కడ గుడివాడ నుంచి బండి అప్పుడే వచ్చింది. గేటు దగ్గర ఒక పెద్దావిడ, పక్కన మామిడికాయల బుట్ట, చంకలో ఆవకాయ జాడీతో నిలబడి ఉంది.

"ఏవబ్బాయ్, పశువుల ఆస్పత్రి పక్క సందులోకి వస్తావా?"

"ఇయ్యాల కిరాయి తోలట్లేదమ్మగారూ. లైసెన్సు చెకింగుంది."

"ఎక్కడ?"

"పశువుల ఆస్పత్రి దగ్గరేనండి."

"మరింకేం? నువ్వూ అటే, నేనూ అటే!" అంటూ ఆవిడ జాడీని బండిలో పెట్టేసింది. ఆవకాయ జాడీ ఎక్కాక మనిషిని ఎక్కొద్దనడం ఎవరి తరం? జలాలు బుట్ట కూడా అందించాడు.

ఆవిడ పేరు లక్ష్మీకాంతమ్మ. పుట్టింది కోడూరు, మెట్టింది గుడివాడ. ఇదంతా చెప్పింది, బండి పది గజాలు కదిలే లోపలే. "కాస్త తోలవయ్యా. ఎనిమిదిన్నరకి మా అల్లుడుగారు పూజలో కూచుంటారు. ఆ కాసేపట్లో వెళితే ఆయన ఎదట పడకుండా లోపలికెళ్ళిపోవచ్చు. మా అమ్మాయి పెళ్ళయి పన్నెండేళ్ళయింది, ఈనాటికీ అల్లుడుగారి ఎదట నిలబడి ఎరగను, మొహామొహీ మాట్టాడి ఎరగను. మా ఇంటి మర్యాద అలాంటిది."

మర్యాదని కాదంటే బాగుండదు. జలాలు కళ్ళెం కొంచెం వదిలాడు. నవాబు పరుగందుకున్నాడు. రంపం మొదలైంది.

"ఏవిటయ్యా ఆ చప్పుడు?"

గుర్రానిదంటే ఆస్పత్రి సందులోకి వెళ్ళే మనిషి నోటివెంట అది ఆస్పత్రికి చేరకుండా ఉంటుందా? జలాలుకి ఆలోచించే వ్యవధి లేదు. గుండె మీద చెయ్యి పెట్టుకుని ఖళ్ళున దగ్గాడు. "నేనేనమ్మగారూ. కాస్త ఆయాసం."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. జలాలు ఆడిన అబద్ధం అతకడం కాదు, బంకలా పట్టుకుంది. అక్కణ్ణుంచి నవాబు ఊపిరి పీల్చినప్పుడల్లా అతను దగ్గక తప్పలేదు.

"అయ్యో పాపం! ఎన్నాళ్ళనుంచయ్యా?"

"నెల్రోజులండి. ఖళ్, ఖళ్!"

"పడుకున్నప్పుడు కూడానా?"

"పరిగెత్తినప్పుడేనండి."

లక్ష్మీకాంతమ్మ ముందుకు వంగి అతని కాళ్ళ వంక చూసింది. "నువ్వు కూచునే ఉన్నావు కదయ్యా! పరిగెత్తేది గుర్రం కదూ?"

"దాన్ని చూస్తే నాకు ఆయాసమొస్తదండి," అన్నాడు జలాలు.

ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి. గుర్రం పడే కష్టానికి ఇంతగా ఊపిరి సలపక కొట్టుకునే జట్కావాణ్ణి ఆవిడ ఇదివరకు చూడలేదు. మిగిలిన దారంతా మిరియాలు, తులసి, అల్లం, పిప్పళ్ళు ఏ పాళ్ళలో వేస్తే ఎలాంటి ఆయాసం తగ్గుతుందో చెప్పుకొచ్చింది. జలాలు ఊ కొడుతూ, దగ్గుతూ, మధ్యమధ్య నవాబును అదిలిస్తూ చెమటతో తడిసిపోయాడు.

"ఇదే, ఆపు," అంది ఆవిడ. జలాలు గేటు మీది బోర్డు కూడబలుక్కుని చదువుకున్నాడు. డాక్టర్ భుజంగరావు, వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. గుర్రాలను చూడబోయేది ఆయనే. దగ్గకుండానే జలాలుకి ఊపిరాగింది.

*

భుజంగరావుగారు మంచి డాక్టరు. కాకపోతే ఆయనకు సైనసు. పన్నెండేళ్ళుగా జేబులో రెండు చేతిరుమాళ్ళు, బల్ల మీద ఆవిరి పట్టే బేసిను లేకుండా ఆయన్ను చూసినవాళ్ళు లేరు. తన జబ్బు మీద ఎంత మమకారమంటే, ఏ జీవం తుమ్మినా ఆయనకు అదే కనిపించేది. నందివాడ నుంచి వచ్చిన గేదెకూ అదే చెప్పారు, పందెం కోడికీ అదే చెప్పారు.

తొమ్మిదిన్నరకి ఆస్పత్రి మైదానంలో పదిహేను జట్కాలు వరసకట్టాయి. ముందుది జలాలుది, దాని వెనకది పోతయ్యది. నవాబు రాయిలా నిలబడ్డాడు. డాక్టరుగారు పళ్ళు చూశారు, గిట్టలు చూశారు, కళ్ళు చూశారు. జలాలు తెలివిగా ఆ ఎడమ ముక్కును భుజాన ఉన్న కండువాతో అప్పటికే నాలుగుసార్లు తుడిచేశాడు.

"బాగుందయ్యా. మంచి గుర్రం. రాసెయ్యండి, నరసింహారావుగారూ," అన్నారు డాక్టరుగారు.

శానిటరీ ఇన్‌స్పెక్టరు నరసింహారావుగారు కలం మూత తీశారు. ఇంకొక్క నిమిషం గడిస్తే ఈ కథే లేదు. సరిగ్గా అప్పుడే డాక్టరుగారి ఇంటివైపు నుంచి కాంపౌండరు ఆనందరావు పొగలు కక్కే ఇత్తడి గ్లాసొకటి తువ్వాలుతో పట్టుకుని వచ్చాడు.

"ఆయాసం జట్కా అబ్బాయెవరండీ? పెద్దమ్మగారు మిరియాల కషాయం పంపారు. వేడిమీదే తాగాలంట!"

పదిహేనుమంది జట్కావాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆస్పత్రి వరండా స్తంభం చాటున నిలబడి లక్ష్మీకాంతమ్మ "అతనే, అతనే" అని చెయ్యి చూపిస్తోంది. జలాలు కాదనలేక గ్లాసందుకుని ఒక్క గుక్క వేశాడు. రాత్రంతా నీటిచుక్క ఎరగని గొంతులోకి మిరియాల ఘాటు దిగేసరికి, పొద్దుటినుంచీ ఆడిన నాటకానికి ఫలితమా అన్నట్టు, ఈసారి అసలు దగ్గే వచ్చింది. కళ్ళవెంట నీళ్ళు కారుతూ నడుం వంగిపోయేట్టు దగ్గాడు.

నరసింహారావుగారి కలం గాల్లో ఆగిపోయింది.

స్తంభం చాటునుంచి మాట వినిపించింది. "ఆనందరావూ, అల్లుడుగారితో చెప్పు నాయనా. స్టేషన్ నుంచి ఇక్కడిదాకా ఊపిరాడక ఒకటే కొట్టుకున్నాడు. నెల్రోజుల బట్టీ ఇదే బాధట. ఇలాంటివాడి చేత బండి తోలిస్తే మహాపాపం. ఆ లైసెన్సేదో ఆపించి ముందు పెద్దాస్పత్రిలో చేర్పించమను."

డాక్టరుగారు పది గజాల దూరంలోనే ఉన్నారు. అంతా విన్నారు. అయినా మర్యాద మర్యాదే కనక ఆనందరావు రెండడుగులు ముందుకు వేసి, "స్టేషన్ నుంచి ఇక్కడిదాకా ఊపిరాడక..." అని మొదలుపెట్టి, మహాపాపంతో సహా మొత్తం అప్పజెప్పాడు.

"అత్తయ్యగారిని కంగారు పడొద్దని చెప్పు," అన్నారు డాక్టరుగారు. ఆనందరావు రెండడుగులు వెనక్కి వేసి అదీ చెప్పాడు.

నరసింహారావుగారు రూళ్ళ పుస్తకం లాంటి మనిషి. "గుర్రం ఒక్కటే బాగుంటే చాలదండీ. తోలేవాడికి అంటుజబ్బు ఉండకూడదు. నెల్రోజుల దగ్గంటే క్షయ కావచ్చు," అంటూ పుస్తకంలో నలభై ఏడుకి ఎదురుగా "డ్రైవరు అన్‌ఫిట్" అని నల్లసిరాతో రాశారు. పోతయ్య తలగుడ్డతో ముక్కు మూసుకుని వెనక్కి జరిగాడు. మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు ఒకడుగు ముందుకేశాడు.

"నువ్వు నిశ్చింతగా ఆస్పత్రికెళ్ళు బావా. గుర్రాన్నీ, నెంబర్నీ మా తోడల్లుడు చూసుకుంటాడులే."

గుర్రాన్ని గట్టెక్కించబోయి జలాలు తానే మునిగాడు. తనకు జబ్బు లేదంటే, మరి నెల్రోజుల ఆ చప్పుడెవరిదని అడుగుతారు. ఉందంటే నెంబరు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"నాకే జబ్బూ లేదండీ!" అని అరిచాడు చివరికి. "కావాలంటే ఈ మైదానం చుట్టూ మూడు చుట్లు పరిగెడతాను. ఒక్కసారి ఆయాసపడినా నా బిళ్ళ పీకేసుకోండి!"

"పరిగెత్తు, చూద్దాం," అన్నారు డాక్టరుగారు.

జలాలు నవాబును బండినుంచి విప్పి పగ్గం పోతయ్య చేతికిచ్చాడు. లుంగీ పైకి ఎగగట్టాడు. పరుగెత్తాడు. ఏడాదిపాటు రిక్షా తొక్కిన కాళ్ళూ, ఊపిరీ అవి. మొదటి చుట్టు గాలిలా తిరిగాడు. రెండో చుట్టులో ఉండగా తన మనిషి తనను వదిలేసి పారిపోతున్నాడని నవాబు అనుకున్నట్టుంది. పోతయ్య చేతిలోని పగ్గాన్ని ఒక్క విదిలింపు విదిలించి వెనక పడ్డాడు. మూడో చుట్టు ఇద్దరూ కలిసే పూర్తిచేశారు.

ఇద్దరూ వచ్చి డాక్టరుగారి ముందు ఆగారు. జలాలు నోరు గట్టిగా మూసుకుని నిలబడ్డాడు. అయినా రంపం మైదానమంతా వినిపిస్తూనే ఉంది. అందరి చూపులూ మనిషి మీదినుంచి మెల్లగా గుర్రం మీదికి మళ్ళాయి.

"ఓహో," అన్నారు నరసింహారావుగారు.

డాక్టరుగారి మొహం మాత్రం తప్పిపోయిన తమ్ముణ్ణి చూసినట్టు వెలిగిపోయింది. ఒక అరచేత్తో నవాబు కుడిముక్కు మూశారు, తర్వాత ఎడమది మూశారు. "ఎడమవైపు గాలే ఆడటం లేదు. సైనసు! అచ్చం నాదే! నాదీ ఎడమే!" అన్నారు. "లేతగుర్రాలకు ఇది వస్తుందయ్యా. లోపల నీటితిత్తి లాంటిది పెరుగుతుంది. కన్ను కింద ఎముకకు కన్నం పెట్టి కడగాలి. అది ఇక్కడ కాదు, పశువుల కాలేజీ ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. అంతవరకు దీన్ని బండికి కట్టడానికి వీల్లేదు. ఏమనుకోకు, ఆ బాధేమిటో నాకు తెలుసు."

జలాలు కన్నం అన్నమాట దగ్గరే ఆగిపోయాడు. వెళ్ళి నవాబు మెడ చుట్టూ చేతులు వేశాడు. నెంబరు పోతే పోనీ, ఈ లేత మొహానికి కన్నమా? ఏడుపు ఆగలేదు. "అబద్ధమాడాను బాబూ," అన్నాడు. "దీని ముక్కు కారకూడదని నిన్న సాయంత్రం నుంచి దీనికి నీళ్ళు కూడా పెట్టలేదు. పాపం, నోరెండిపోయింటది. ముందు నీళ్ళు పెట్టనివ్వండి. తర్వాత మీరేం రాసుకుంటారో రాసుకోండి."

సలీమా తగిలించిన బాల్టీ తీసి కుళాయి దగ్గర నింపి తెచ్చాడు. నవాబు ఆత్రంగా తల వంచాడు. మూతి నీళ్ళకు ఇంకా జానెడు దూరం ఉందనగా, ఎడమ ముక్కులోంచి నల్లగా ఏదో తొంగి చూసింది.

"ఆగు! తాగనివ్వకు!"

ఆ కేకకు పదిహేను గుర్రాలూ చెవులు నిక్కించాయి. స్తంభం చాటునుంచి లక్ష్మీకాంతమ్మ కొంగు నడుముకు చుట్టుకుంటూ మైదానంలోకి వచ్చేసింది. ఆనందరావు మాట మోయడానికి అలవాటుగా రెండడుగులు వేయబోయాడు. ఆవిడ అతన్ని పక్కకు నెట్టి సూటిగా అల్లుడి మొహంలోకి చూసింది.

"సైనసూ లేదు, నీ మొహమూ లేదు! జలగయ్యా అది, జలగ! కోడూర్లో మా గేదెలకి ఎన్నిసార్లు తీశాను! చెరువులో తాగేప్పుడు పిల్లజలగ ముక్కులోకెక్కి లోపలే పెరుగుద్ది. దప్పిక మీదుంచి నీళ్ళు చూపిస్తేగాని బయటికి రాదు!"

పన్నెండేళ్ళ తర్వాత అత్తగారు తొలిసారి మొహామొహీ అన్న మాట ఇదీ. భుజంగరావుగారు జేబులోంచి చేతిరుమాలు తీసి తన ముక్కు అదిమిపట్టుకున్నారు. ఆవిడకి ఆయనతో పనిలేదు. "అబ్బాయ్, బాల్టీ కొంచెం కిందికి దించు. అందీ అందనట్టుండాలి. ఆఁ, అలాగే. ఆనందరావూ, పరిగెత్తికెళ్ళి గుప్పెడు ఉప్పు పట్రా! ఆ కండువా చేతికి చుట్టుకో అబ్బాయ్, ఉప్పద్దుకో, లేకపోతే జారిపోద్ది. తొందరపడకు. ఇంకా రానీ. ఇంకా..."

జలాలు ఎడంచేత్తో బాల్టీ పట్టుకుని, కుడిచెయ్యి నవాబు మూతి దగ్గర ఉంచి ఊపిరి బిగబట్టాడు. నవాబు కూడా ఏదో అర్థమైనట్టు కదలకుండా నిలబడ్డాడు. నల్లటిది అంగుళం సాగింది, రెండంగుళాలు సాగింది, నీటిమీదికి వంగింది. "పట్టు!" అంది లక్ష్మీకాంతమ్మ. జలాలు పట్టాడు. గుంజకుండా, వదలకుండా పట్టుకున్నాడు. ఉప్పు తగిలి జలగ పట్టు సడలించింది. ఒక్క లాగున జానెడు జలగ బయటికొచ్చి నేలమీద పడి మెలికలు తిరిగింది.

నవాబు తల ఎత్తి, నెల రోజులుగా బాకీ ఉన్న తుమ్ము తుమ్మాడు.

అది మామూలు తుమ్ము కాదు. ఎదురుగా నరసింహారావుగారు పుస్తకం తెరిచి పట్టుకుని వింత చూస్తున్నారు. ఆయన తెల్లచొక్కాకి పట్టింది పట్టగా, మిగిలింది నలభై ఏడో నెంబరు వరస మీద పడింది. "డ్రైవరు అన్‌ఫిట్" అన్న నల్లసిరా కరిగి పేజీ కిందిదాకా పారింది.

జలాలు ఆగలేదు. నవాబును కడుపునిండా తాగనిచ్చి, మిగిలిన నీళ్ళు తాను ముఖాన కొట్టుకున్నాడు. కాసేపు నిలవనిచ్చి, బండికి కట్టి మైదానం చుట్టూ పరుగు పెట్టించాడు. గిట్టల చప్పుడూ, మెడలో మువ్వల చప్పుడూ తప్ప ఇంకేమీ లేదు. రెండోచుట్టుకి తోటి జట్కావాళ్ళు ఈలలు వేశారు. మూడోచుట్టుకి డాక్టరుగారు కూడా చప్పట్లు కొట్టారు. జలాలు బండిలో నిలబడి, తలెత్తి, ఉప్పెన తర్వాత మొదటిసారి గొంతెత్తి నవ్వాడు.

"బావా," అన్నాడు పోతయ్య ఒప్పుకోక తప్పక, "నీ గుర్రం నిద్ర లేచింది."

నరసింహారావుగారు తడిసిన పేజీని ఎండకు పట్టి చూశారు. "ఇందులో ఏం రాశానో నాకే కనబడటం లేదు," అన్నారు.

"అయితే మళ్ళీ రాయండి. గుర్రం ఫిట్, తోలేవాడు ఫిట్," అన్నారు డాక్టరుగారు. ఇత్తడి బిళ్ళను జలాలు తన చేతులతోనే బిగించుకున్నాడు.

మూడోనాడు లక్ష్మీకాంతమ్మను స్టేషన్‌కి తీసుకెళ్ళడానికి అతనే వచ్చాడు. ఆవిడ ఎంత బతిమాలినా కిరాయి తీసుకోలేదు. ఆవిడ కోసం సలీమా పంపిన సేమ్యాల పొట్లం మాత్రం ఒళ్ళో పెట్టాడు. నవాబు గాలిలా పోతున్నాడు. చప్పుడు లేదు, దగ్గు లేదు. లక్ష్మీకాంతమ్మకు మాత్రం ఏదో దిగులుగా ఉంది.

"మా అల్లుడుగారితోనే వచ్చింది బెంగంతా," అంది. "ఆయనా చిన్నప్పుడు చెరువులో ఈదినవారే. నిన్న సాయంత్రం నుంచి మంచినీళ్ళు ముట్టలేదు. ఇవాళ పొద్దున తలుపు సందులోంచి చూశాను. ఆ ఆవిరి బేసినులో చన్నీళ్ళు పోసుకుని, ముక్కు దానిమీద పెట్టుకుని, కదలకుండా గంటసేపు కూచున్నారు."

జలాలు కళ్ళెం బిగబట్టి వెనక్కి తిరిగాడు. "ఏవన్నా బయటికొచ్చిందాండీ?"

"మా అమ్మాయి జానకి కాఫీ కలిపాక ఆయనే బయటికొచ్చారు," అంది లక్ష్మీకాంతమ్మ.